గుణమేదో, జబ్బేదో

నాన్నా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు "తాతయ్యా, ఇంక దీన్ని అమ్మేద్దాం" అన్నప్పుడు నేను పలకలేదు. కోపం వచ్చి కాదు. దమ్ము మధ్యలో బండి ఆగిపోతే, పెట్టిన నీరు ఇంకిపోతుంటే, ఊడ్పు కూలీలు గట్టు మీద కూర్చుని నీ వంకే చూస్తుంటే మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అదే చేలో, అదే సీటు మీద నేనూ తలొంచుకుని కూర్చున్న రోజులున్నాయి. ఫోన్లో చెబితే సగం నీకు వినపడదు, సగం నేను మర్చిపోతాను. అందుకే మీ అత్త చేత తెల్లకాగితాలు తెప్పించుకుని రాస్తున్నాను. ఈ మోకాలి ఆపరేషన్ లేకపోతే ఈపాటికి రాజమండ్రిలో పోలవరం బస్సెక్కి పట్టిసీమలో దిగేసేవాణ్ణి.

అమ్మొద్దని నేననను. తాళం నీ చేతిలో పెట్టిన రోజునుంచీ అది నీ బండి. కాకపోతే కోపంలో అమ్మకు. ఈ సార్వా గడవనీ. ఈలోగా ఒక్క సంగతి నేర్చుకో. పాత బండికి గుణాలుంటాయి, జబ్బులుంటాయి. గుణాన్ని జబ్బనుకుని విప్పావంటే లేని జబ్బు తెచ్చిపెట్టినట్టే. జబ్బుని గుణమనుకుని సర్దుకుపోయావంటే ఓ రోజు నడిచేలో ఇంజను పట్టేస్తుంది. ఈ నలభై ఏళ్లలో నేను ఆ బండి మీద వృథాగా పోసిన డబ్బంతా ఈ రెంటికీ తేడా తెలియక పోసిందే.

ఎడ్లున్న రోజుల్లో మా నాన్నకి ఈ తేడా బాగా తెలుసు. దాపట నడిచే ఎద్దుని వలపట కడితే అది సరిగ్గా అడుగు వెయ్యదు. దాన్ని కొట్టి లాభం లేదు. కొత్త ఎద్దు వస్తే ఆయన నెల్లాళ్లు దాని వెనకే తిరిగేవాడు. ఎప్పుడు నీళ్లు తాగుతుంది, దేనికి బెదురుతుంది, ఏ వేళకి అలసిపోతుంది, అన్నీ చూసేవాడు. 1984లో ఈ మాస్సీ 1035 మన ఇంటికి వచ్చినప్పుడు నేను ఆ పని చెయ్యలేదు. ఇనుమే కదా, మరలు బిగిస్తే నడుస్తుంది అనుకున్నాను. మద్రాసులో 1960లో పుట్టిన టాఫే కంపెనీ బండి, మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను, 35 గుర్రాల బలం. ఇవి కాగితం మీద అన్ని 1035లకీ ఒకటే. కానీ ఒకే రోజు బయటికొచ్చిన రెండు బళ్లు పదేళ్లయ్యేసరికి రెండు రకాలవుతాయి. ఒకటి లంక ఇసుకలో తిరుగుతుంది, ఒకటి మెట్ట ఎర్రనేలలో తిరుగుతుంది. మన బండి గుణం మన బండిదే. దాన్ని ఏ పుస్తకంలోనూ రాయలేదు. నువ్వే చదువుకోవాలి.

నువ్వు వేసవిలో చెప్పిన లిఫ్టు సంగతే తీసుకో. నాగలికి గట్టి నేల తగిలినప్పుడల్లా అది దానంతటది పైకి లేచిపోతోందనీ, లిఫ్టు విప్పిస్తాననీ అన్నావు. విప్పకు. అది లేవాలి. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ అనే ఆయన ఆలోచన అది. ఆయన పేరే ఇప్పటికీ మన బండి ముక్కు మీద ఉంది. అంతకు ముందు ట్రాక్టరు వెనక నాగలిని గొలుసు కట్టి బండిలాగే ఈడ్చేవారు. నాగలి ఏ వేరుకో తట్టుకుంటే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి వెనక్కి తిరగబడేది, తోలేవాడు కింద నలిగిపోయేవాడు. ఫెర్గూసన్ రెండు చేతులు కింద, ఒక లింకు పైన పెట్టి నాగలినీ ట్రాక్టరునీ ఒకే ఒళ్లుగా కలిపాడు. 1926 నాటి పేటెంటు అది. నాగలికి బరువు తగిలితే పై లింకు ముందుకి నొక్కుకుంటుంది. ఆ నొక్కుడు వెనకున్న స్ప్రింగుకి తెలుస్తుంది, స్ప్రింగు వాల్వుకి చెబుతుంది, చేతులు కాస్త పైకి లేస్తాయి. నాగలి బరువు, దాని మీది మట్టి బరువు వెనక చక్రాల మీద పడి చక్రం జారకుండా పట్టు దొరుకుతుంది. గట్టి నేల దాటగానే నాగలి మళ్లీ దిగుతుంది. సీటు కుడిపక్క రెండు లీవర్లున్నది అందుకే. ఒకటి ఎంత ఎత్తులో ఉండాలో చెప్పేది, రెండోది ఎంత బరువు లాగాలో చెప్పేది. నాగలికి బరువు లీవరు వాడు. దమ్ముకీ రోటావేటరుకీ ఎత్తు లీవరు వాడు. నువ్వు రెంటికీ ఒకటే వాడుతున్నావేమో చూసుకో.

లిఫ్టు లేవట్లేదని ఇంకోసారి అన్నావు. అప్పుడు నీ ఎడమ కాలు ఎక్కడుందో గుర్తు తెచ్చుకో. ఈ బండికి క్లచ్ పూర్తిగా తొక్కితే లిఫ్టు పంపు కూడా ఆగిపోతుంది. మలుపు దగ్గర క్లచ్ తొక్కి పట్టుకుని లిఫ్టు లీవరు లాగితే ఎంతసేపు లాగినా లేవదు. ముందు లేపు, తర్వాత తొక్కు. నాకు ఇది అలవాటు కావడానికి ఒక పంట పట్టింది. అలాగే కాలు క్లచ్ మీద ఆనించి ఉంచకు. క్లచ్ ప్లేటు అరిగిపోయేది బరువు వల్ల కంటే ఆ ఆనించిన కాలు వల్లే ఎక్కువ.

మార్గశిర మాసంలో, గోదారి మీద మంచు కప్పినప్పుడు, పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు తెల్లపొగ వస్తుంది, ఇంజను కాస్త దడదడలాడుతుంది. అది గుణం. చల్లటి సిలిండర్లో డీజిలు పూర్తిగా మండక వచ్చే పొగ. వేడెక్కాక పోతుంది. మధ్యాహ్నం వేడిగా ఉన్నప్పుడు కూడా తెల్లపొగ వస్తే, దాంతోపాటు ఇంజను ఒక దెబ్బ తప్పుతుంటే అది జబ్బు. నల్లపొగ బరువు మీద మాత్రమే వస్తే ముందు గాలి వైపు చూడు. ఎయిర్ క్లీనర్ గిన్నెలో నూనె కింద బురద ఎంత పేరుకుందో, నూనె గీత దాకా ఉందో లేదో చూడు. మొక్కజొన్న ఆడించిన వారం రోజులు ఆ గిన్నెని రోజూ కడగాల్సిందే. నీలంపొగ వస్తే ఇంజనాయిలు లోపల మండుతున్నట్టు. అప్పుడు నాకు చెప్పు, తొందరపడి బోరు చేయించకు. ఎవరైనా స్టార్టింగు సులువని పెట్రోలులో తడిపిన గుడ్డ గాలి గొట్టం దగ్గర పెట్టమంటే పెట్టకు. ఆ పేలుడికి రింగులు విరుగుతాయి.

ఇప్పుడు నీ అసలు బాధకి వస్తాను. గంట నడిచి ఆగిపోవడం.

మీ నాన్న ఇంటరు చదివే రోజుల్లో ఇదే బండి ఇదే చేలో సరిగ్గా ఇలాగే చేసింది. పొద్దున్న బాగానే మొదలవుతుంది. ముప్పావు గంటకో గంటకో బలం తగ్గి, నీరసపడిపోయి ఆగిపోతుంది. కాసేపు కూర్చుని చుట్ట కాల్చుకుని మళ్లీ సెల్ఫ్ కొడితే స్టార్టవుతుంది. మళ్లీ గంట. నేను ఫిల్టర్లు రెండూ మార్చాను. పోలేదు. డీజిలు గొట్టాలు మార్చాను. పోలేదు. ఆఖరికి పంపే పోయిందని తీర్మానించి విప్పించి టౌనుకి పంపాను. దాన్ని విప్పమన్నది నేనే, కాబట్టి ఆ ఖర్చుకి ఎవర్నీ అనడానికి లేదు. పంపు తిరిగొచ్చింది, బిగించాం, గంట నడిచింది, ఆగిపోయింది. ఊరంతా నాట్లు అయిపోతున్నాయి. మన చేను ఒక్కటే నీళ్లతో అద్దంలా మిగిలిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం మీ మామ్మ క్యారేజీ పట్టుకొచ్చింది. డీజిలు పొయ్యడానికి డబ్బా పట్టుకోమంటే పట్టుకుంది. నేను ట్యాంకు మూత తిప్పాను. "అదేంటండీ, సోడా మూత తీసినట్టు సుయ్‌మంది?" అంది. నేను ఆ శబ్దం అంతకుముందు పదిసార్లు విన్నాను. విన్నాను గానీ పట్టించుకోలేదు. మూత తీసి వెలుగుకి పెట్టి చూస్తే, దానికుండే సన్నటి గాలి బెజ్జంలో కందిరీగ మట్టి పెట్టేసింది. ట్యాంకులోంచి డీజిలు పోతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల పీల్చుకుపోయి డీజిలు కిందికి దిగదు. బండి ఆగి కాసేపు ఉంటే ఎక్కడో సందుల్లోంచి మెల్లగా గాలి చేరుతుంది, మళ్లీ నడుస్తుంది. అగ్గిపుల్లతో మట్టి తీశాను. ఆ సాయంత్రం దీపాలు పెట్టే దాకా ఆగకుండా నడిచింది. మీ మామ్మ అక్కడే గట్టు మీద కూర్చుని చివరి మడి దాకా చూసి గాని ఇంటికి వెళ్లలేదు.

నీకూ అదే అని నేను చెప్పట్లేదు. చెప్పకూడదు కూడా. ఒకసారి మూత వల్ల ఆగింది కదా అని ప్రతిసారీ మూతనే పట్టుకు వేలాడితే అదో పొరపాటు. నేను చెప్పేది వరస. ఆగగానే సెల్ఫ్ మీదికి పోకు. ముందు ఎలా ఆగిందో గుర్తు పెట్టుకో. దీపం ఆర్పినట్టు టక్కున ఆగిందా, నూనె అయిపోయిన దీపంలా కొట్టుకుని కొట్టుకుని ఆగిందా? కొట్టుకుని ఆగితే డీజిలు అందట్లేదు. అప్పుడు దిగి, మూత మెల్లగా తిప్పి చెవి పెట్టు. శబ్దం లేకపోతే ట్యాంకు కింద గొట్టం విప్పి చూడు, డీజిలు వేలంత ధారగా పడుతోందా, సన్నగా జారుతోందా అని. సన్నగా ఉంటే ట్యాంకు అడుగున తుప్పో, ఏ ఆకు ముక్కో అడ్డం పడింది. ధార బాగుంటే ఫిల్టరు దగ్గరికి రా. ఫిల్టరు గిన్నె అడుగున నీటి బుడగలున్నాయేమో చూడు. డీజిలు డబ్బా అడుగు దాకా వంచి పోస్తే వచ్చేది ఆ నీరే. అందుకే డబ్బా పొద్దున్న నుంచీ కదలకుండా ఉంచి, గుడ్డ కట్టి, అడుగున నాలుగు వేళ్లు వదిలేసి పొయ్యమనేవాణ్ణి. రాత్రి ట్యాంకు నిండుగా ఉంచమనేదీ అందుకే. ఖాళీ ట్యాంకులో చలికి తేమ చెమటలా పడుతుంది.

గొట్టాలు ఒకసారి విప్పాక గాలి తియ్యాలి. ఇది ఎందుకో తెలిస్తే చెయ్యడం విసుగనిపించదు. నీళ్లయినా డీజిలైనా నొక్కితే నలగవు. గాలి నలుగుతుంది. ఇంజెక్టరు తెరుచుకోవాలంటే వంద వాతావరణ పీడనాలకు మించిన ఒత్తిడి కావాలి. లైన్లో శనగగింజంత గాలి బుడగ ఉన్నా పంపు చేసే పనంతా ఆ బుడగని నలపడానికే సరిపోతుంది. ఇంజెక్టరు దాకా ఏమీ చేరదు. కాబట్టి ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, చేతిపంపు కొట్టి, నురగ పోయి శుభ్రమైన డీజిలు వచ్చాక బిగించు. తర్వాత పంపు దగ్గర అలాగే చెయ్యి. ఆఖర్న ఇంజెక్టర్ల నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ తిప్పితే చుక్కలు పడతాయి, అప్పుడు బిగించు. ట్యాంకు నుంచి ఇంజను వైపు నడవాలి, వెనక్కి కాదు. ఇంజెక్టరు నుంచి చిమ్మే డీజిలు ముందు చెయ్యి పెట్టకు. అది సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. నొప్పి లేదని ఇంట్లో కూర్చోకూడదు, ఆ క్షణమే ఆస్పత్రికి పోవాల్సిన దెబ్బ అది.

ఇంజను ఒక దెబ్బ తప్పుతోందని అనిపిస్తే మూడు ఇంజెక్టర్లలో ఏది నీరసంగా ఉందో తెలుసుకోవడం సులువు. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఒక్కొక్కదాని నట్టు కొద్దిగా వదులు చెయ్యి. బాగున్నదాన్ని వదిలితే ఇంజను వెంటనే తడబడుతుంది. వదిలినా శబ్దం మారలేదంటే అదే పని చెయ్యట్లేదన్నమాట. దాన్ని మాత్రమే టెస్టింగుకి పంపు. ఏం చేసినా ఒకసారికి ఒకటే మార్చు. ఫిల్టరూ ఇంజెక్టరూ మూతా ఒకే పూట మార్చేస్తే బండి నడవచ్చు గానీ రోగం దేనిదో నీకు ఎప్పటికీ తెలియదు. మార్చిన రోజు క్యాలెండరులో రాసెయ్. పాకలో మేకుకి తగిలించిన వెంకట్రామా క్యాలెండర్లన్నీ నేను పారెయ్యలేదు. పాత గడుల్లో ఇంజనాయిలు, ఫ్యాను బెల్టు, క్లచ్ ప్లేటు అన్నీ నా రాతలోనే ఉన్నాయి. చూడు, పనికొస్తాయి.

మెకానిక్కుతో మాట్లాడేటప్పుడు "పంపు పోయింది" అని చెప్పకు. నువ్వు చూసింది చెప్పు, అనుకున్నది చెప్పకు. "గంట నడిచాక పొగ తగ్గి, బలం తగ్గి ఆగింది, పావుగంటకి మళ్లీ స్టార్టయింది" అని చెప్పు. పంపు పోయిందంటే ఆయన పంపే విప్పుతాడు. మనూళ్లో ఇలాంటి పాత బళ్లు చెవితో పట్టగలిగిన పెద్ద మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని ఏమండీ అని పిలు, టీ పట్టుకెళ్లు, పక్కన నిలబడి రెంచి అందించు. నాకు వచ్చిన పని సగం అలా రెంచి అందించి నేర్చుకున్నదే.

సెల్ఫ్ తిరక్కపోతే హెడ్‌లైటు వేసి ఉంచి కొట్టి చూడు. లైటు బాగా మసకబారితే బ్యాటరీ బలహీనం, లేదా దాని తలల మీద తెల్లటి ఉప్పు పేరుకుంది. వేడినీళ్లతో కడిగి, తుడిచి, కాస్త గ్రీజు రాస్తే చాలాసార్లు అంతటితో సరి. లైటు ఏమాత్రం తగ్గకుండా ఒట్టి కటుక్కుమంటే తీగ దగ్గరో సోలినాయిడు దగ్గరో చూడు. మన బండికి ఎర్తు తీగ ఛాసిస్ మీద బిగించిన చోట దమ్ము బురద చేరి వదులవుతుంది. అది దానికి పాత అలవాటు.

కానీ ఒక్కటి వినాలి. నేలమీద నిలబడి, పెద్ద చక్రం ముందు నుంచి స్క్రూడ్రైవరు పెట్టి సెల్ఫ్ మోటారు తిప్పే పని నువ్వు చెయ్యకూడదు. ఎవరు చేసి చూపించినా చెయ్యకూడదు. బండి గేరులో ఉంటే అంటుకున్న క్షణంలోనే కదులుతుంది, నువ్వు నిలబడ్డది చక్రం దారిలోనే. మొదట్లో నేనూ అలా స్టార్టు చేశాను. ఒకనాడు చక్రం నా పంచె అంచు తొక్కి ఆగింది. మీ మామ్మకి ఆ సంగతి చెప్పలేదు. మీ నాన్నకీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

దమ్ములోకి దిగే ముందు క్లచ్ హౌసింగు అడుగున బెజ్జానికి ప్లగ్గు పెట్టావా? అది పెట్టకపోతే బురదనీరు క్లచ్‌లోకి చేరుతుంది. దమ్ము అయ్యాక ఆ ప్లగ్గు తీసెయ్యాలి కూడా. లేకపోతే లోపల కారిన ఆయిలు బయటికి పోయే దారి లేక ప్లేటు తడిసి జారుతుంది. ప్రతి సాయంత్రం ముందు చక్రాల కింగ్‌పిన్నుల దగ్గర గ్రీజు గన్ను కొట్టు, బురద బయటికి వచ్చి కొత్త గ్రీజు కనపడే దాకా. గేరుబాక్సు, డిఫరెన్షియలు, లిఫ్టు మూడింటికీ ఒకటే ఆయిలు ఈ బండికి. గీతపుల్ల తీసి చూసినప్పుడు ఆయిలు పాలు కలిపిన టీలా కనపడిందంటే లోపలికి నీరు పోయింది. ఇరుసు సీళ్లు చూపించు, ఆయిలు మొత్తం మార్చు, ఖర్చని చూడకు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి వరద సంగతి కూడా రాస్తాను. నువ్వు పుట్టకముందు సంగతి. 1986 ఆగస్టులో గోదారి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. బండి లంకలో మకాం దగ్గర ఉంది. మనుషులం గొడ్లతో సహా పైకి వచ్చేశాం గాని బండి తెచ్చే వ్యవధి లేకపోయింది. నీరు తీశాక వెళ్లి చూస్తే బానెట్టు మీద దాకా ఒండ్రు. రెండేళ్ల బండి, బాకీ ఇంకా తీరలేదు. నాలుగు రోజులు ఎండలో ఆరనిచ్చి, బ్యాటరీ మార్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని సెల్ఫ్ కొట్టాను. ఒక్కటే శబ్దం, టంగుమని. మధ్య సిలిండరు కనెక్టింగు రాడ్డు వంగిపోయింది.

పైన రాశాను కదా, నీరు నొక్కితే నలగదని. సిలిండర్లో చేరిన నీరు ఎండకి ఆరదు. పిస్టను పైకి వచ్చినప్పుడు ఆ నీరు నలగదు, పోవడానికి దారి లేదు. వంగాల్సింది రాడ్డే. డీజిలు లైన్లో మనల్ని విసిగించే సూత్రమే అక్కడ ఇంజనుని విరగ్గొడుతుంది. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఏడాది మీ మామ్మ గాజులు తాకట్టులోకి వెళ్లేవి కావు.

మునిగిన బండికి మొదట బ్యాటరీ తీగ విప్పాలి. సెల్ఫ్ ముట్టుకోకూడదు. అన్ని చోట్లా అడుగు బోల్టులు విప్పితే ముందు నీరు వస్తుంది, తర్వాత ఆయిలు వస్తుంది, నీరు బరువు కాబట్టి. డీజిలు ట్యాంకు, ఎయిర్ క్లీనరు గిన్నె కూడా ఖాళీ చెయ్యాలి. ఇంజెక్టర్లు మూడూ తీసేసి, చేత్తో ఇంజను తిప్పితే లోపలి నీరు ఆ బెజ్జాల్లోంచి చిమ్ముతుంది. సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి మళ్లీ తిప్పాలి. అంతా కొత్త ఆయిలు, కొత్త ఫిల్టర్లు పెట్టి, కాసేపు నడిపి, ఆ ఆయిలు కూడా పారబోసి మళ్లీ పొయ్యాలి. అంతకంటే మేలైంది బండి మునగకుండా చూసుకోవడమే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. రేడియోలోనో టీవీలోనో ఫోన్లోనో 43 అని వినపడిన పూటే బండిని లంకలోంచి మిట్టకి తోలెయ్. రెండోదానికి ఆగకు. 2022 జూలైలో అక్కడ 71 అడుగులు దాటినప్పుడు మన బండి ఎప్పుడో మిట్టమీదకి చేరిపోయింది. నీకు గుర్తుండే ఉంటుంది, తాతయ్య చాదస్తం అని అందరూ అన్నారు.

ఇసుకలో కూరుకుపోతే గొలుసు ఎప్పుడూ కింద డ్రాబారుకే కట్టు. పై లింకు చోట కట్టి లాగావంటే, వెనక చక్రం తిరగలేనప్పుడు ఇంజను బలం బండినే ఇరుసు చుట్టూ తిప్పేస్తుంది. ముందు చక్రాలు లేచాక దూకడానికి సమయం ఉండదు. తొందర పడకుండా పార పెట్టి తవ్వుకో, రివర్సులో వచ్చిన దారినే రా. గట్టు ర్యాంపు దిగేటప్పుడు న్యూట్రలు వద్దు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లకీ కొక్కెం తగిలించు. దమ్ములో విడివిడిగా తొక్కడానికి తీసింది అలాగే మర్చిపోయి రోడ్డు మీద ఒక్కటే తొక్కితే బండి ఆ పక్కకే విసురుగా తిరిగిపోతుంది. రోటావేటరుని తిప్పే పీటీవో తిరుగుతున్నప్పుడు పంచె, తువ్వాలు, వేలాడే చొక్కా దాని దగ్గరికి పోకూడదు. మడ్‌గార్డు మీద ఎవర్నీ కూర్చోబెట్టకు, పిల్లల్ని అసలే వద్దు.

శివరాత్రికి ఎవరో ఒకరు వస్తారు. వీరభద్రస్వామి దర్శనానికి మెట్ట ఊళ్లనుంచి చుట్టాలొచ్చారు, రేవు దాకా ట్రక్కులో దింపెయ్ బాబూ అంటారు. ట్రక్కు మనుషులెక్కేది కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. మొగమాటం పడకు. నేను మొగమాటానికి ఒప్పుకున్న ఏళ్లన్నీ, స్వామి గుడి ఉన్న దేవకూటం మీద దీపాలు వెలుగుతుంటే అందరూ ఆ కొండవంక చూసేవారు, నేను మాత్రం వెనక్కి తిరిగి ట్రక్కులో తలలు లెక్కపెట్టుకునేవాణ్ణి. నామీద కోపం పెట్టుకోమను, తాతయ్య వద్దన్నాడని చెప్పు.

రేపు పొద్దున్న కాఫీ తాగాక పాకలోకి వెళ్లు. ట్యాంకు మూత తీసి బెజ్జం చూడు, ఏం కనపడిందో నాకు చెప్పు. ఎలా ఆగిందో నిన్న నేను అడగలేదు, అది కూడా చెప్పు, టక్కునా, కొట్టుకునా. ఆ తర్వాత నాకు ఫోన్ చేసి, ఫోను బానెట్టు మీద సైలెన్సరుకి జానెడు దూరంలో పెట్టి స్టార్ట్ చెయ్. రెండు నిమిషాలు మాట్లాడకు. నేను వింటాను.

మీ తాతయ్య